గుమ్మటం కింద అన్న మాట

ఈ రోజు ఉదయం మా కోడలు సునీత అలిగింది. "ఈ ఇంట్ల ఎంత చేసినా ఒక్క మంచి మాట రాదు" అంది. ముందే అనుకున్న ప్రయాణం కాబట్టి మా వారు, నేను, సునీత అమీర్‌పేట నుంచి కుతుబ్‌షాహీ సమాధులు చూడడానికి వెళ్లాం. దారి పొడవునా తను కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

పెద్ద సమాధి లోపలికి వెళ్లి తలెత్తి చూశాను. గది నలుచదరం. మూలలకు అడ్డంగా కమానులు కట్టి, ఎనిమిది పలకలుగా మార్చి, దాని మీద గుమ్మటం నిలిపారు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. పనితనం అంటే అదీ.

సునీత అవతలి గోడ దగ్గర ఉంది కదా అని మా వారితో మెల్లగా అన్నాను: "బరువంతా మోసేది ఆ మూల కమానులే. చూసేవాళ్లు మాత్రం గుమ్మటాన్నే మెచ్చుకుంటారు. మన ఇంట్లో ఆ కమాను సునీతే."

గుమ్మటం ఆ మాటను గదంతా మోగించింది. సునీత గిర్రున తిరిగింది.

"అత్తమ్మా, గీ మాట ఇంట్ల ఎన్నడన్న అన్నరా?"

"ఎదుట పొగిడితే ఆయుక్షీణం అంటారు. నేను మీ మామగారితో అన్నాను."

"అయితే ఆయనతోనే జర గట్టిగ అనుండ్రి, నాకు ఇనవడేటట్టు!"

తిరుగు దారిలో పంజాగుట్ట దాటేదాకా తన నవ్వు ఆగలేదు.

ఇంటికొచ్చి టీ ఇచ్చింది. చక్కెర ఎక్కువైంది. అది మాత్రం ఎదుటే చెప్పాను. తప్పు చెబితే ఆయుష్షు తగ్గుతుందని ఎవరూ అనలేదు. మీ ఇళ్లలో పద్ధతి ఏమిటో చెప్పండి.