కళ్లు మూసుకుని చూసే మనిషి

రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఆ ఫోన్ల కొట్టాయన ఏ ఫోన్‌నైనా కళ్లు మూసుకునే పరీక్షించేవాడు. మా ఆయన పోయాక, చదువు రాని నేను విజయనగరంలోని చెల్లితో మాట్లాడాలంటే పక్కింటివాళ్లే నంబరు కొట్టి, అక్కడే నిలబడి అంతా వినేవారు. ఆ సంగతి చెప్పి, చెల్లి నంబరు రాసున్న చీటీ ఇస్తే, మడత ఫోనొకటి తీసి సిమ్ వేసి, కళ్లు మూసి, టక్కున తెరిచాడు.

“కెమెరా మసక, పిన్నీ. మాట మాత్రం ఏక్‌దం ఖంగుమంటాది. మూసేస్తే కాల్ కట్టయిపోద్ది. ఐదు మీట మీద బొడిపె తగుల్తోందా? చీటీలోని మీ చెల్లి నంబరు దానికే పెట్టాను. కళ్లు మూసుకుని నొక్కి ఉంచండి. తగిలితేనే కొనండి.”

కళ్లు మూసుకుని నొక్కాను. చెల్లి పలికింది.

“పక్కనెవరున్నారే అక్కా?” అంది, ఎప్పటిలాగే.

కళ్లు తెరిచాను. ఆయన గడప అవతల, వీధివైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

“ఎవరూ లేరే” అన్నాను.