కంపలో కూసిన కలివికోడి

నంద్యాల బడిలో పాఠాలు చెప్పుకునే నాకు పిట్టల కూతల పిచ్చి పట్టించింది మా వాట్సాప్ గ్రూపు. జీతం లేదు, భత్యం లేదు. సెలవు రోజున ఫోన్లు పట్టుకుని ఎక్కడెక్కడో కూర్చుంటాం, విన్నది రికార్డు చేసి గ్రూపులో పెడతాం. మాకున్న రూలు ఒక్కటే: పిట్టను రప్పించడానికి దాని పాత కూత వినిపించకూడదు.

మా అందరి ఆశా అంతరించిపోతున్న కలివికోడి మీదే. కంటికి కనపడటం అరుదు, పొద్దు గూకాక కూసే కూతను బట్టే పోల్చుకోవాలి. ఆళ్లగడ్డ దగ్గర కొండ కింద ముళ్లకంప నిండిన బీడొకటి ఉంది. దాని యజమాని ఆళ్లగడ్డలో కాపురముంటాడు. ఈ వానలకు కంప కొట్టించి దున్నిస్తానన్నాడు. కొన్నాళ్లు ఆగమని బతిమాలాను.

"నీ పిట్ట కూత నా చెవిన పడనీ టీచరమ్మా, అప్పుడు చూస్తా" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం బీడు గట్టున కూర్చుంటే, పొద్దు గూకుతుండగా కలివికోడి కూత వినిపించింది. వెంటనే రికార్డు చేశాను. గ్రూపులో పెట్టి, నేరుగా ఆయనింటికెళ్లి వినిపించాను. ఆయన ట్రాక్టరు డ్రైవర్ను రావద్దన్నాడు. గ్రూపులో ఒకటే అభినందనలు.

తెల్లారేసరికి మా గ్రూపులోని లెక్చరర్ ఫోన్.

"మేడమ్, నిన్న ఆ బీడు పక్క వంక అవతల నేనుంటిని. పిట్ట బదులు పలుకుతాదేమోనని ఫోన్లో దాని పాత కూత పెట్టినా. మీరు రికార్డు చేసింది దాన్నే."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నవ్వాలో తిట్టాలో తెలియక తిట్టేశాను. నోరు మూసుకుంటే బీడు మిగులుతుంది. కానీ ఉన్నది ఉన్నట్టు వినిపించడమే కదా మేం చేసే పని. భయపడుతూనే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

అంతా విని బీడు యజమాని పగలబడి నవ్వాడు. తర్వాత "మళ్లా పెట్టు" అన్నాడు. ఫోను చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నాడు.

"యెనక కూస్తాండేది కౌజుపిట్ట గదా? మా నాయన ఉచ్చులేసి పడుతుండె. ఇంకా ఉండాయా నా చేన్లో?"

"ఉన్నాయన్నా."

"ఇది గూడా మీవోళ్ల ఫోనేనా?"

"కాదన్నా, మీ కంపలోవే."

ఆయన ఫోను నా చేతిలో పెట్టాడు.

"అయితే ఉండనీలే."