బెదరని చేపలు

మందుల షాపు అక్కకి శుభ్రమంటే ప్రాణం. బల్ల తుడుస్తుంది, తుడిచిన గుడ్డని ఉతుకుతుంది, ఉతికిన చేతుల్ని మళ్లీ సబ్బుతో కడుగుతుంది. గడువు తీరిన నిద్రమాత్రల్నీ, బెంగ తగ్గించే మాత్రల్నీ చెత్తబుట్టలో వేస్తే ఏ పసివాడు నోట్లో పెట్టుకుంటాడోనని ఆవిడ భయం. అందుకే వారం వారం వాటిని రేకుల్లోంచి గిల్లి, బకెట్ నీళ్లలో వేసి, కర్రతో గిలక్కొట్టి, తెల్లబడ్డ ఆ నీళ్లని సింకులో పారబోసి, "హమ్మయ్య!" అంటూ నడుం మీద చెయ్యి వేసుకుంటుంది.

ఆ మధ్యాహ్నం, షాపు వెనక కుంటలో చేపలు పెంచుకునే తమ్ముడు పరుగున వచ్చాడు. "అక్కా, ఒక్కసారి రా! కొంగ వచ్చి వాలినా చేపలు కదలడం లేదే!" ఎండలకి కుంట సగం ఇంకిపోయింది, మిగిలిన నీళ్లు కాగబెట్టినట్టున్నాయి. ఒడ్డున కొంగ తీరిగ్గా ఒక్కో చేపనీ ఏరుకుంటోంది. పక్కనున్న చేప తోకైనా ఆడించడం లేదు. "నీళ్లు పరీక్ష చేయించాను. బెంగ తగ్గించే మందు కలిసిందట. నీళ్లు తగ్గేకొద్దీ అది చిక్కబడుతోందట. చేపలకి బెంగేంటక్కా, మందు మింగడానికి?" తమ్ముడు నవ్వబోయి, నవ్వలేకపోయాడు. అక్క చూపు గట్టు వెంబడే వెళ్లి, తన షాపు గోడలోంచి కుంటలోకి దిగిన గొట్టం దగ్గర ఆగిపోయింది. గబుక్కున వంగి నీళ్లలో చెయ్యి పెట్టి, "పోండే, పారిపోండి!" అని తరిమింది. ఒక చేప నెమ్మదిగా వచ్చి ఆవిడ అరచేతిలో ఆగింది. అక్క చెయ్యి వెనక్కి లాక్కుని, ఎదురుగా కుంట ఉండగానే, కడుక్కోవడానికి నీళ్లెక్కడున్నాయా అని చుట్టూ చూసింది.