పల్చటి నూనె

నిన్న ఎల్బీ నగర్‌లోని ఒక సర్వీసు సెంటర్ నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, "సార్, మీరు మా దగ్గరికొచ్చి రెండేళ్ళయింది, ఫ్రీ చెకప్ పెట్టినం, రండి" అంది. ఆ పిల్లనేం అంటాను? ఫోన్ పెట్టేశాక మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మా కారు రెండు లక్షల కిలోమీటర్లు దాటిన ముసలిది. మా ఆవిడ యాభయ్యో ఏట దాని మీదే డ్రైవింగ్ నేర్చుకుంది, అదీ డ్రైవింగ్ స్కూల్ మాస్టారిని పెట్టుకుని. నేను పక్కన కూర్చుంటే బ్రేకు కంటే ముందు నా అరుపు పడేది మరి. బండి బాగోగులన్నీ మూసారాంబాగ్‌లో ఉండే మెకానిక్ మేస్త్రే చూసేవాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయాడంటే ఇక స్పానర్ ముట్టడు. మిగతా రోజుల్లో మోచేతుల దాకా నలుపే. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ మార్చమంటే ఒప్పుకునేవాడు కాదు. మలక్‌పేట దాకా ఒక చుట్టు తిప్పుకొచ్చి, కింద బోల్టు విప్పి, ఆఖరి చుక్క కారేదాకా తీరిగ్గా చాయ్ తాగేవాడు. "నూనె వేడిగుంటేనే మురికిని పట్కొని ఒస్తది సార్. అరిగిన ఇంజన్‌ల పల్చటిది నిలవది, జర చిక్కటిదే పోయాలె" అనేవాడు.

రెండేళ్ళ కిందట ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని నెల్లాళ్ళు షెడ్డు మూశాడు. నేను అద్దాల తలుపులూ ఏసీ చల్లదనమూ చూసి బోల్తాపడి, కారుని ఎల్బీ నగర్ తీసుకెళ్ళాను. చిక్కటి ఆయిలే పోయమని రెండుసార్లు చెప్పాను. టై కట్టుకున్న అబ్బాయి కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తకుండా, "గిప్పుడు అందరు పల్చటిదే పోస్తున్నరు సార్, మైలేజ్ పెరుగుతది" అన్నాడు. వినేవాడికి చెప్పొచ్చు గానీ, అన్నీ తెలిసినవాడికి ఏం చెబుతాం!

వారం తిరక్కుండా, మిట్టమధ్యాహ్నం, దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. బండిలో మా ఆవిడ ఒక్కతే ఉంది. వెంటనే ఇంజన్ ఆపేసింది. వెనక బస్సులూ ఆటోలూ ఒకటే హారన్లు. ఆవిడ ఫోన్ చేస్తే నేను వెళ్ళి, ఇద్దరం కారుని మళ్ళీ సర్వీసు సెంటర్‌కి లాగించుకుపోతే, ఆ అబ్బాయి ఆయిల్ ఊసే ఎత్తకుండా, "మేడమ్‌కు సరిగ్గ నడపరాదేమో సార్" అన్నాడు. ఆవిడ ఎదురుగానే, నాతో! ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇక నేను నడపనండీ" అంది. నేను అరిచిన అరుపులకి అక్కడ ఉన్నవాళ్ళందరూ చుట్టూ చేరారు గానీ, తాళంచెవి మాత్రం ఆవిడ తీసుకోలేదు.

ఆవిడా నేనూ కారుని అలాగే లాగించుకుని మేస్త్రి ఇంటి ముందుకి చేర్చాం. ఆయన నల్లకళ్ళద్దాలతోనే బయటికొచ్చి, డిప్‌స్టిక్ తీసి, నూనెని వేళ్ళ మధ్య రుద్ది చూసి మొహం చిట్లించాడు. "నీళ్ళ లెక్క ఉన్నది. అమ్మా, మీరు అప్పుడే బందు చేసిన్రు గాబట్టి ఇంజన్ దక్కింది. గదే సార్ అయితే ఇంటిదాంక అట్లనే తోలుకొస్తుండె" అన్నాడు. అబద్ధమెందుకు, నేనైతే అదే చేసేవాణ్ణి. ఆవిడ నవ్వలేదు.

చిక్కటి నూనె పోశాక ఇంజన్ ఒక్క పూటలో కుదుటపడింది. ఆవిడ మళ్ళీ స్టీరింగ్ పట్టుకోవడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. యాభై దాటిన మనిషికి ఎనిమిది నెలలంటే ఎంతో ఆ టై కట్టుకున్న అబ్బాయికి తెలియాలంటే, వాడికీ ఆ వయసు రావాలి.