లేని గడప

మొన్న వన్‌టౌన్‌లో ఒక చీరల కొట్లో అడుగుపెట్టగానే కొత్త గుడ్డల గంజి వాసన తగిలింది. ఆ వాసన వెంట కాస్త లోపలికి నడిచానో లేదో, నా కుడికాలు దానంతటదే పైకి లేచి, దేన్నో దాటినట్టు అవతల పడింది. "అక్కడ మెట్టేం లేదు మేడమ్" అంది కొట్లో అమ్మాయి నవ్వుతూ. లేదని నాకూ తెలుసు. ఒకప్పుడు ఆ కొట్టు మా నాన్నగారిది. అంతకుముందు అది మామ్మగారి ఇల్లు.

ఆవిడ పేరు రత్నమ్మగారు. మాకు చుట్టం కాకపోయినా అందరికీ మామ్మగారే. 1970లలో నాన్నగారు ఆ మండువా ఇంటి ముందు భాగం కొని బట్టల కొట్టుగా మార్చారు. మండువా నెత్తిన రేకులు పడ్డాయి. నడిమి గోడలు పోయాయి. గడపలు పెకలించి నేలంతా ఒకే మట్టంగా గచ్చు చేయించారు. వెనక రెండు గదుల్లో మామ్మగారు మిగిలారు. అప్పటికే ఆవిడకు చూపు లేదు. ఉబ్బసం వల్ల బడికి వెళ్లలేని నాకు ఆవిడే గురువు. నా అరచేతిలో వేలితో అక్షరం రాసి, "ఇదేమిటో చెప్పవే" అనేవారు. నాకు చదువు అలా వచ్చింది, దేవుడి మీద గురీ అలాగే కుదిరింది.

దీపాల వేళకు మామ్మగారు కొట్లోకి వచ్చేవారు. బేరాల సందడి మధ్య, చేతికర్ర లేకుండా, లేని గడప దగ్గర కాలెత్తి, లేని ద్వారబంధం కింద తల వంచి, పక్కింటికి ఆనుకున్న గోడ దగ్గరకు చేరేవారు. అక్కడ ఉండే దీపపు గూడును పూడ్చేసి సున్నం కొట్టారు. ఆవిడ ఆ చోట అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవారు. ఓసారి నా చేతిని కూడా పెట్టించారు. గోడ వెచ్చగా ఉంది. "ఎండకు కాగి ఉంటుందిలే" అన్నారు నాన్నగారు. ఆ గోడకు ఎండ ఎక్కడిది?

కొనడానికి వచ్చినవాళ్లు జడిసేవారు. "ఆవిడ దేన్ని దాటుతోందండీ?" అంటూ ఒకామె నచ్చిన చీర కూడా వదిలేసి వెళ్లింది. చివరికి నాన్నగారు కొట్టుకూ వెనక గదులకూ మధ్య గోడ కట్టించాలనుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ గూడు తప్ప మామ్మగారు వెళ్లే చోటు లోకంలో మరొకటి లేదు. చెబితే ఆవిడ నవ్వారు.

"కట్టుకోనీవే. గోడలు నాకేమన్నా కనపడతాయా?"



తాపీమేస్త్రి కొలతలకు వచ్చిన సాయంత్రం నాన్నగారు తాడు కొస పట్టుకుని నిలబడ్డారు. వెనక నుంచి వచ్చిన మామ్మగారు ఆయనకు అడుగు దూరంలో ఆగిపోయారు.

"గడప మీద నిలబడకూడదు నాయనా. లక్ష్మి లోపలికెలా వస్తుంది?"

నాన్నగారు కిందికి చూశారు. నున్నటి గచ్చు. ఒక కాలు, తర్వాత రెండోది, ఎత్తు మీద నుంచి దిగినట్టు మెల్లగా పక్కకు దిగారు.

"ఏమైందండీ?" అన్నాడు మేస్త్రి.

"తాడు చుట్టెయ్యవయ్యా."

మామ్మగారు కాలెత్తి దాటి, తల వంచి, గోడ దగ్గరకు వెళ్లారు. ఆనాటి నుంచి నాన్నగారూ అక్కడ కాలెత్తే నడిచారు. ఎందుకని మేమెవరం అడగలేదు.

మామ్మగారు పోయారు. తర్వాత కొట్టు కూడా చేతులు మారింది. ఇప్పుడు నేలకు పాలరాయి, గోడల నిండా అద్దాలు. "అటువైపు మంగళగిరి చీరలున్నాయి, చూద్దురుగాని రండి" అని ఆ అమ్మాయి పక్కింటి వైపు గోడ చూపించింది. నేను వెళ్లలేదు. ఆవిడ అక్షరాలు రాసిన అరచేతిని మూసుకుని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

చెయ్యి వెచ్చగానే ఉంది.