ఈల మాస్టారి సాకులు

సాకులంటే ఈల మాస్టారికి ఒళ్ళుమంట. ముప్ఫై రెండేళ్ళు బడిపిల్లల చేత ఆటలాడించిన మనిషి, ఆయన వినని సాకు లేదు. కడుపునొప్పి, కాలు బెణికింది, బూటు తెగింది, అమ్మమ్మ పోయింది. ఒకడికైతే ఒక్క ఏడాదిలోనే ముగ్గురు అమ్మమ్మలు పోయారు. అందరికీ ఆయన జవాబు ఒకటే. మెడలో ఈల నోట్లో పెట్టుకుని మైదానం వైపు వేలు చూపించేవాడు. ఆ ఈల పుణ్యమా అని ఆయన అసలు పేరు రిజిస్టర్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

అంతటి మనిషి ఇప్పుడు మంచం మీద కూర్చుని, ఆసుపత్రికి ఏ సాకు చెబితే నమ్ముతారా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు.

ఊపిరితిత్తులు పాడై మూడేళ్ళయింది. మైదానంలో గీతలు గీసే సున్నప్పొడి కొంత, సామాన్ల గది వెనక దొంగచాటుగా కాల్చిన సిగరెట్లు చాలా, రెండూ కలిసి లోపల కాపురం పెట్టాయి. పూర్తిగా నయమయ్యేది కాదనీ, వారానికి రెండుసార్లు వచ్చి కసరత్తు చేస్తే ఎనిమిది వారాల్లో నడక మెరుగవుతుందనీ డాక్టరు చెప్పాడు. నడక అనగానే మాస్టారి మొహం వెలిగింది. ఇంటి గుమ్మం నుంచి రోడ్డు అవతల బడి గేటుకి రెండు వందల అడుగులు. నలభై వేసేసరికి ఆయన కరెంటు స్తంభం పట్టుకుని నిలబడిపోతున్నాడు. సాయంత్రం నాలుగయితే చాలు, పిల్లల అరుపులు కిటికీలోంచి వచ్చి పడతాయి. ఆయన ప్రాణమంతా అక్కడే, ఒళ్ళు మాత్రం ఇక్కడ. ఒక్కసారి ఆ తెల్లగీత పక్కన నిలబడి నిండుగా ఈల ఊదాలి. అంతే ఆయన కోరిక. మేకుకి వేలాడే ఈల తీసి రోజూ ఊదుతాడు. గాలి తుస్సుమంటుంది.

మొదటిరోజు బుద్ధిగా వెళ్ళాడు. పొడుగాటి వరండా, ఆరుగురు రోగులు. కసరత్తు చేయించే ఫిజియోథెరపిస్టు అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించింది, పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి మెల్లగా వదలడం నేర్పింది. బయల్దేరేటప్పుడు దగ్గరికొచ్చింది.

“నేను మీ బళ్ళోనే చదివాను మాస్టారూ. వరసలో చివర నిలబడేదాన్ని.”

అప్పుడు గుర్తురాలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది. రెండో రౌండులోనే గోల్‌పోస్టు పట్టుకుని కూలబడే పిల్ల. “ఊపిరాడట్లేదు మాస్టారూ” అనేది. “నాటకాలు కట్టిపెట్టు, లే” అనేవాడు తను. ఒకరోజు క్లాసు క్లాసంతా పకపకా నవ్వింది. తను వాళ్ళని ఆపలేదు. ఈల ఊది, ఆ పిల్లని మళ్ళీ పరిగెత్తించాడు.

ఆ తర్వాత ఆయన ఆసుపత్రి గడప తొక్కలేదు. ఒకరోజు మబ్బు పట్టిందన్నాడు. ఇంకోరోజు మోకాలన్నాడు. మూడోసారి చెప్పు కరుస్తోందన్నాడు.

“మూడేళ్ళుగా అవే చెప్పులు కదండీ. కరవాలని వాటికి ఇవాళే బుద్ధి పుట్టిందా?” అంది భార్య. అని ఊరుకోలేదు, ఆసుపత్రికి ఫోను చేసి ఆయన చేతిలో పెట్టింది.

“మూడు క్లాసులు పోయాయి మాస్టారూ. ఏమైంది?” ఆ అమ్మాయి గొంతే.

“మోకాలు నొప్పమ్మా.”

“ఏ మోకాలు?”

“కుడి... కాదు, ఎడమది.”

అవతల నవ్వు. “నేనూ ఇక్కడే తడబడి దొరికిపోయేదాన్ని. మీరు చెప్పేవన్నీ మీ దగ్గర నేను వాడేసినవే.”

మాస్టారికి నవ్వు రాలేదు.

“అమ్మా, గోల్‌పోస్టు దగ్గర కూర్చుండిపోయేదానివి. అప్పుడు నీకు నిజంగానే ఊపిరి...”

“ఆడేది కాదు మాస్టారూ. అదొక్కటీ సాకు కాదు. ఆస్తమా అని కాలేజీలో చేరాక తెలిసింది. గురువారం పదింటికి రండి.”

ఇక తప్పించుకోవడానికి ఏమీ మిగల్లేదు. గురువారం వెళ్ళాడు. వరండాలో నడక మొదలైంది. రెండు రౌండ్లయ్యాక మిగతావాళ్ళు కుర్చీల్లో చేరారు. ఆయన ఆగలేదు. ఆ పిల్ల చేత పెట్టించిన పరుగులన్నీ ఇవాళే తను పెట్టేయాలన్నట్టు నడిచాడు. మూడో రౌండులో గుండె గొంతులోకొచ్చింది, కళ్ళు బైర్లు కమ్మాయి. మోచెయ్యి కింద ఒక చెయ్యి పడింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడు.

“చాలు మాస్టారూ, కూర్చోండి.”

“చెయ్యగలనమ్మా... ఇంకొక్కటి...”

“చెయ్యగలరు. ముందు కూర్చోండి.”

కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడేదాకా ఆ అమ్మాయి పక్కనే నిలబడింది. ఆ ఒక్క మాట తను ఆ పిల్లతో ఏ రోజూ అనలేదు. మైదానం మాట దేవుడెరుగు, ఈల మాట దేవుడెరుగు, ఆ రోజు గోల్‌పోస్టు దగ్గరికి వెళ్ళి “కూర్చోమ్మా” అని ఉంటే ఎంత బాగుండేదో అని ఆయన ప్రాణం కొట్టుకుపోయింది.