లగ్గానికి ముందే పొంగిన పాలు

బి.ఎడ్. ఆఖరి పరీక్ష రాసి వచ్చేసరికి వనపర్తి హాస్టల్లో గది ఖాళీ చేయమన్నారు. చదువు అయిపోయిన పిల్లకు హాస్టల్లో దక్కే మర్యాద అంతే. నా ఆస్తి ఒక ట్రంకు పెట్టె, బకెట్టు, చిన్న సిలిండరుతో గ్యాస్ పొయ్యి, థర్మాకోల్‌తో చేసిన మనిషి జీర్ణవ్యవస్థ. ఆ జీర్ణవ్యవస్థకు మంచి మార్కులొచ్చాయి, పారేయడానికి మనసొప్పలేదు.

ఈ సామానంతా ఎక్కడికి పంపాలన్నది ప్రశ్న. అప్పటికి మా పూలుపండ్లు అయిపోయాయి. ఎంగేజ్‌మెంటును మా వైపు అట్లా అంటాం. లగ్గం శ్రావణంలో పెట్టుకున్నారు. అందాకా పిల్ల అత్తగారి గడప తొక్కకూడదు, పిల్ల తాలూకు బకెట్టు తొక్కవచ్చో లేదో ఎవరికీ తెలియదు. తిమ్మాజిపేటలో మా అమ్మనడిగితే, "మీ అత్తనడుగు" అంది. పూలుపండ్లయిన రోజు నుంచి మా అమ్మ ఏ ప్రశ్నకైనా ఇదే జవాబు చెప్తోంది.

నాకు మాత్రం వనపర్తిలోనే ఉండాలని ఉంది. బడులు తెరిచేనాటికి అక్కడొక స్కూల్లో సైన్సు చెప్పే పని కుదిరింది. పిల్లగాడు, అంటే ఇప్పటి మా ఆయన, డిప్లొమా అయ్యాక డ్రిప్పు పైపుల కంపెనీలో చేరి పాన్‌గల్ చుట్టుపక్కల ఊర్లు తిరుగుతున్నాడు. ఇద్దరికీ వనపర్తే దగ్గర. వాళ్ళ ఊరు అయిజ. అక్కడ కాపురం పెట్టి రోజూ వచ్చిపోవాలంటే సంసారం బస్సులోనే చేయాలి.

కానీ అయిజలో మాకోసం మేడ మీద గది కట్టేశారు. రంగు ఏది వేయాలని అత్తమ్మ ఫోన్ చేసి అడిగితే, లేత నీలం అన్నాను. మర్యాదకు అన్న మాటకు గోడలన్నీ లేత నీలమైపోయాయి. కింద ఇల్లు నిండా మనుషులు: మామ, మామ తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరికీ పైన ఒక నాయనమ్మ. ఎవరికి ఆకలేసినా పిలిచేది అత్తమ్మనే. నాకు ఆ ఇంటి మీద కోపం లేదు. భయం ఉంది. అందులోకి పోతే బడిపని పోతుంది, ఆ తర్వాత నేను కూడా ఎక్కడికో పోతాననిపించేది.

ఈ సంగతి పిల్లగాడికి చెప్పాను. నిజమే అన్నాడు. మరి మీ అమ్మకు చెప్తావా అన్నాను. "చెప్త" అన్నాడు. చెప్త అన్నాక చెప్పేసినంత నిమ్మళంగా ఉండే మనిషి ఆయన.

ఇల్లు మేమే వెతికాం. దొరికింది మేడ మీద ఒక గది, వంటిల్లు. కింద ఇంటామె ఉంటుంది. చాలా కాలంగా పైన ఎవరూ లేరట.

"ఫ్యామిలీలకే ఇస్తం బిడ్డ. లగ్గమైందా?"

"పూలుపండ్లయినయి ఆంటీ."

"ఫొటోలున్నయా?"

ఫోను ఇస్తే మొదటి నుంచి చివరిదాకా చూసింది. భోజనాల ఫొటోలు వేళ్ళతో పెద్దవి చేసి మరీ చూసింది. వంకాయకూరలో నూనె ఎక్కువైందని తేల్చి, ఇల్లు మాకిస్తానంది. అడ్వాన్సు మాత్రం పెద్దవాళ్ళతో మాట్లాడాకే తీసుకుంటానంది. అందాకా సామాను పెట్టుకోమంది.

సామాను ఎక్కించేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. చాయ్ తాగుదామని పిల్లగాడు కిందికి పోయి పాల ప్యాకెట్ తెచ్చాడు. పొయ్యి మీద పాలు పెట్టి, ఊరికే అడిగినట్టు అడిగాను.

"అత్తమ్మకు చెప్పినవా?"

"చెప్త అంటి గద."

"ఎప్పుడు? లగ్గమైనంకనా?"

"జర మంచిగున్నప్పుడు చెప్పాలె. మా అమ్మ సంగతి నీకు తెల్వదు."

"తెల్వకనే పరేషానైతున్న" అని గొంతు పెంచాను. మా కాబోయే సంసారంలో అదే మొదటి కొట్లాట. పూర్తిగా మొదలుకాకముందే వెనకనుంచి చుయ్‌మన్న చప్పుడొచ్చింది. పాలు పొంగి, పొయ్యి ఆరిపోయి, గట్టు మీదికి పారుతున్నాయి.

మాడు వాసనకు ఇంటామె పైకొచ్చింది. గట్టును చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"పాలు పొంగిచ్చిన్రా!"

"లేదాంటీ, చాయ్‌కి పెట్టినం."

"ఎందుకు పెడితేంది? ఖాళీ ఇంట్ల మొదటి పాలు పొంగినయి. ఇల్లు పట్టుకున్నట్టే. ఇగ ఇడిస్తే మీకు మంచిది కాదు, నాకు మంచిది కాదు."

లగ్గం కాని పిల్ల, పిల్లగాడు, పంతులు లేకుండా, పెద్దలు లేకుండా, ప్యాకెట్ పాలతో గృహప్రవేశం చేశామన్నమాట. తుడిచేస్తే పోతుందేమోనని గుడ్డ తీసుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, కింద నుంచి పసుపు కుంకుమ తెచ్చి నా పొయ్యికి బొట్టు పెట్టింది. తర్వాత, "మీ అత్తకు ఫోన్ కలుపు" అంది.

పిల్లగాడు తన ఫోనులో కలిపి నా చేతిలో పెట్టబోయాడు. ఇంటామే తీసుకుని, ఎన్నాళ్ళ నుంచో ఎరిగినట్టు, "వదినా, నీ కొడుకు, కోడలు మా ఇంట్ల పాలు పొంగిచ్చిన్రు" అంది. అవతల ఆమెకు మేము ఇల్లు వెతుకుతున్నామనే తెలియదు. ఫోనులోంచి ఒక్క మాటే వినబడింది.

"ఏ దిక్కు పొంగినయి?"

"తూర్పుకే వదినా" అంది ఇంటామె, గట్టు వైపు చూడకుండానే. నిజానికి అన్ని దిక్కులకూ పొంగాయి.

"ఐతారం వస్త. చూసినంక చెప్త" అని అత్తమ్మ ఫోను పెట్టేసింది.

ఆదివారం తిమ్మాజిపేట నుంచి మొదటి బస్సుకే వచ్చి, ఇల్లు రెండుసార్లు ఊడ్చాను. పిల్లగాడు బస్టాండు నుంచి అత్తమ్మను తీసుకొచ్చాడు. వాళ్ళింటి నుంచి ఆమె ఒక్కతే వచ్చింది, చేతిలో జొన్నరొట్టెల మూట. నా ముఖం వైపు చూడకుండా ఇల్లు చూసింది. నల్లా తిప్పింది. కిటికీ తెరిచింది, మూసింది. వంటిల్లు అగ్గిపెట్టెంత ఉందంది. గాలి రాదంది. జీర్ణవ్యవస్థ ముందు కొంచెం సేపు నిలబడి, "ఇదేంది?" అంది. చెప్పాను. "గిట్లుంటదా లోపల" అని ముందుకు పోయింది.

అయిజ గదిలో కిటికీలు రెండు అంది. సరే అనడం తప్ప ఇంకేం చేయాలో తెలియక చాప పరిచాను. నా బడి, నా జీతం, నా ఇల్లు ఆ చాప మీద కూర్చున్న మనిషి నోట్లో ఉన్నాయి. పిల్లగాడిని అరటిపండ్లకు పంపింది. నేను చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయి, ఈసారి పొయ్యి ముందు నుంచి కదల్లేదు.

గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అత్తమ్మ చాప మీద ఒక పక్కకు ఒరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. చెప్పులు విప్పిన కాళ్ళు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. లేపాలో వద్దో తెలియక గ్లాసుతో అట్లాగే నిలబడ్డాను.

పిల్లగాడు పండ్లతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎందుకో లోపలికి రాలేదు.

"మా అమ్మ పగటిపూట పండుకోంగ నేనెప్పుడు చూడలే" అన్నాడు మెల్లగా.

ఇద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆమె చాయ్ నేనే తాగాను. చాలాసేపటికి లోపల గాజుల చప్పుడైతే పరుగెత్తాను. అత్తమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుని, కొంగు సర్దుకుంటూ చుట్టూ వెతుకుతోంది.

"ఎవలన్న అన్నమడిగిన్రా?"

"ఎవ్వరు లేరత్తమ్మ. మేమిద్దరమే ఉన్నం."

ఆమె గోడల వైపు, మూసిన కిటికీ వైపు చూసింది. మళ్ళీ చాప మీద ఒరిగింది.

"ఈ ఇల్లు ఇడ్వకుండ్రి" అని చెప్పి కళ్ళు మూసుకుంది.